ముందు బెంచీ విద్యార్థి

పగటిపూట ఆ గదిలో చిన్నపిల్లలు చదువుకుంటారు. సాయంత్రమయ్యేసరికి అదే గది డిగ్రీ క్లాసు అవుతుంది. బల్లలు పిల్లల కొలతకి చేసినవి. రోజంతా ఎక్కడెక్కడో పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళు మోకాళ్ళు ఒక పక్కకి తిప్పుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. గోడలనిండా పగటి పిల్లలు రంగు పెన్సిళ్ళతో వేసిన ఏనుగులు, పడవలు, మూడు కాళ్ళ కుర్చీలు. "ఆ బొమ్మల జోలికి వెళ్ళకండి. మనం ఇక్కడ అద్దెకున్నవాళ్ళం," అని మేడమ్ ప్రతి ఏడూ మొదటిరోజే చెప్పేది.

మేడమ్ చెప్పే పాఠం మనస్తత్వశాస్త్రం. పగటి కాలేజీలో కుర్రకారుకి చెప్పి చెప్పి విసిగిపోయి, తనే అడిగి సాయంత్రం క్లాసులకి మారింది. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎందుకు చదువుతున్నారో తెలిసి వచ్చేవాళ్ళు. ఆవలింతలు ఆపుకుంటూ వింటారు గానీ, వింటారు. విన్నదాన్ని ఇంటికి తీసుకెళ్ళి వాడుకుంటారు. అదే ఆమెకి నచ్చేది.

ఆ ఏడు క్లాసులో రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు. "మా మనవరాలు కాలేజీలో చేరిందండీ. నాతో మాట్లాడ్డం మానేసింది. తాతకేం తెలుసు అంటోంది. అందుకని నేనూ చేరాను," అన్నాడు పరిచయం చేసుకుంటూ. ఆయన పక్కన, కిటికీ దగ్గర, ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసే ఆవిడ కూర్చుంది. నలభై దాటిన మనిషి. గొంతు తేటగా ఉండేది. కంగారుగా ఫోన్ చేసినవాళ్ళు ఆ గొంతు వినగానే సగం కుదుటపడతారనిపించేది.

"మా దగ్గర నంబర్ల పుస్తకం ఉంది గానీ నేను తెరవనండి," అంది ఆవిడ. "ఏ వార్డు, ఏ డాక్టరు, ఎవరు ఎప్పుడు డ్యూటీ దిగుతారు, అన్నీ నోటికొచ్చు. డిగ్రీ లేదని పై పోస్టు ఇవ్వడం లేదు. అందుకే వచ్చాను."

అప్పట్నించీ క్లాసులో అందరికీ ఆవిడ ఆపరేటరమ్మ.

వానలు మొదలయ్యాక మేడమ్ ఒక సంగతి గమనించింది. క్లాసు జరుగుతున్నంతసేపూ వరండాలో బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి ఫ్రేము కళ్ళజోడు, ఒళ్ళో మడిచిన గొడుగు. చేతిలో పేపరుండేది గానీ పేజీ తిప్పేవాడు కాదు. ఆపరేటరమ్మ భర్తట. కళ్ళజోళ్ళ షాపు ఉంది. క్లాసు అవగానే లేచి నిలబడి, "మీ పాఠం బయటికి బాగా వినిపిస్తుంది మేడమ్. నా అదృష్టం," అన్నాడొకరోజు.

"వానలో బయటెందుకండీ, లోపలికొచ్చి కూర్చోండి," అంది మేడమ్.

ఆ మాట తనే అన్నదని తర్వాత ఆమె ఎన్నోసార్లు తలుచుకుంది.

అతను మొదట వెనక బెంచీలో కూర్చున్నాడు. కొద్దిరోజులకే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఆలస్య రుసుము కట్టి విద్యార్థిగా చేరిపోయాడు. ముందు బెంచీకి మారాడు. ఆపరేటరమ్మ కూడా కిటికీ దగ్గర్నుంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నన్ను వదిలేశావా అమ్మా," అన్నాడు కండక్టరు నవ్వుతూ.

"ఆయనకి అక్కణ్ణుంచి బోర్డు కనిపించదండీ," అంది ఆవిడ. కళ్ళజోళ్ళు అమ్మే మనిషికి బోర్డు కనిపించకపోవడమేమిటని ఎవరో జోకు వేశారు. అందరికంటే ముందు అతనే నవ్వాడు.

నిజానికి షాపాయన లాంటి విద్యార్థి మేడమ్‌కి అరుదుగా దొరికేవాడు. చెప్పేలోపే పుస్తకం చదివి వచ్చేవాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదనేవాడు. క్లాసు అయ్యాక అందరి పేపర్లూ తనే అడిగి తీసుకుని, అంచులు సరిచేసి ఆమె బల్ల మీద పెట్టేవాడు. బోర్డు తుడిచేవాడు. ఈ వయసులో ఇంత శ్రద్ధ చూసి మేడమ్ మురిసిపోయింది. ఇంటికెళ్ళి అక్కకి చెప్పింది కూడా. అక్క వేరే ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

"మొగుడూ పెళ్ళాం ఒకే క్లాసులోనా," అంది అక్క. "ఇంట్లో చూసుకునే మొహం చాలదా వాళ్ళకి."

జ్ఞాపకం మీద పాఠం మొదలైనరోజు మేడమ్ ఎప్పుడూ చేసే సరదా పరీక్ష పెట్టింది. కొన్ని మాటలు మెల్లగా చదివింది. మంచం, దిండు, దుప్పటి, ఆవలింత, కల, గురక, జోల. కాసేపు వేరే కబుర్లు చెప్పి, "ఇందాక నేను నిద్ర అన్న మాట చదివానా?" అని అడిగింది. దాదాపు అందరూ చేతులెత్తారు. కండక్టరు ఒట్టేసి మరీ చెప్పాడు.

"చదవలేదు," అంది ఆపరేటరమ్మ ఒక్కతే. "జోలతో ఆపేశారు మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ మెచ్చుకుంది. షాపాయన మాత్రం నవ్వలేదు. పక్కకి తిరిగి భార్య మొహం కాసేపు చూశాడు. కొత్త ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసేవాడిలా చూశాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"అంటే మేడమ్, జరగనిది జరిగినట్టు మనిషికి గుర్తుండేలా చెయ్యొచ్చన్నమాట."

"చెయ్యొచ్చు. మనకి నమ్మకమున్న మనిషి పదేపదే చెప్తే చాలు."

"జ్ఞాపకశక్తి గట్టిగా ఉన్నవాళ్ళకి కూడానా?"

"గట్టివాళ్ళు కూడా లొంగుతారు. నిద్ర చాలకపోతే, ఒంటరిగా ఉంటే, తోటివాళ్ళతో మాట్లాడే అవకాశం లేకపోతే ఇంకా తొందరగా. ఒకటి రెండుసార్లు తన జ్ఞాపకం తప్పని తేలితే, మనిషి ఆ తర్వాత తనని తనే అనుమానించుకోవడం మొదలుపెడతాడు. ఆపైన బయటివాళ్ళు పెద్దగా చెయ్యాల్సింది ఉండదు."

మంచి ప్రశ్నలు దొరికిన ఉత్సాహంలో ఆమె పుస్తకంలో లేనివి కూడా చెప్పింది. అతను ఒక్క మాట పోకుండా రాసుకున్నాడు. పాఠంలో మిగతా సగం, అంటే మనిషి తన జ్ఞాపకాన్ని ఎలా నిలబెట్టుకోవచ్చన్నది, టైమైపోయి చదువుకోమని వదిలేసింది.

ఆ పాఠం మీదే రాసుకురమ్మన్న వ్యాసాలు తర్వాతి వారం వచ్చాయి. ఆపరేటరమ్మది లేదు.

"ఇచ్చాను మేడమ్," అంది ఆవిడ. "మొదటి పేపరు నాదే. నీలం దారంతో కుట్టాను."

షాపాయన ఆమె భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "ముందురోజు రాత్రే బాగా రాలేదని చించేశావు కదా. నేను వద్దంటున్నా విన్లేదు." తర్వాత మేడమ్ వైపు తిరిగి, "మళ్ళీ రాస్తుంది మేడమ్. నేను కూర్చోబెట్టి రాయిస్తాను," అన్నాడు.

ఆపరేటరమ్మ తన సంచీ తెరిచి వెతుక్కుంది.

ఆ తర్వాత ఒకటొకటిగా మొదలయ్యాయి. పరీక్షకి తప్పు రోజున వచ్చి, ఖాళీ గదిలో కూర్చుని వెళ్ళిపోయిందని కాపలాదారు చెప్పాడు. ఎప్పుడూ నోటికి జవాబు చెప్పే మనిషి, పుస్తకంలో చూసి, మళ్ళీ చూసి, భర్త మొహం చూసి చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళకింద నల్లగా పడింది. ఆసుపత్రిలో ఒక అర్జంటు ఫోన్ వేరే వార్డుకి కలిపేసిందట. సెలవు పెట్టింది. కొన్నాళ్ళకి ఆ సెలవు ఉద్యోగం మానెయ్యడంగా మారింది.

ఒకరోజు షాపాయన బోర్డు తుడుస్తుండగా ఆవిడ వరండాలో మేడమ్‌ని ఆపింది.

"మేడమ్, ఒకటడుగుతాను. మొన్న క్లాసులో నేను ఏడ్చానా?"

"లేదే."

"గట్టిగా ఏడ్చి మిమ్మల్ని ఏదో అన్నానట. మీరు పాఠం ఆపేశారట. అందరూ నన్నే చూశారట."

"ఎవరన్నారు?"

"ఆయన." ఆవిడ గొంతు తగ్గించింది. "నాకు గుర్తు లేదంటే, నీకు గుర్తుండదులే, నువ్వు బాధపడకు అన్నారు. నిన్న రాత్రంతా గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు కొంచెం గుర్తొస్తోంది మేడమ్. నా చెయ్యి బల్ల మీద కొట్టుకోవడం గుర్తొస్తోంది."

మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అలాంటిదేం జరగలేదమ్మా. నేను చెప్తున్నాను కదా," అంది.

లోపల డస్టరు చప్పుడు ఆగిపోయింది. షాపాయన చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమంటోంది మేడమ్?"

"ఏం లేదు. పాఠం గురించే," అంది మేడమ్.

అతను ఇద్దర్నీ చూసి నవ్వాడు. "మిమ్మల్ని కూడా ఇబ్బంది పెడుతోందా?" అంటూ భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఆ రాత్రి బట్టలు మడతపెడుతూ మేడమ్ అక్కకి అంతా చెప్పింది. అక్క దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అతను నీ క్లాసుకి దేనికొస్తున్నాడే?"

"చదువుకోవడానికి."

"అదే, ఏం చదువుకోవడానికి అంటున్నాను. నిద్ర ఉండకూడదన్నావు, పక్కన ఎవరూ ఉండకూడదన్నావు, నమ్మకమున్నవాడు చెప్పాలన్నావు. నువ్వు చెప్పినవన్నీ వరసగా చేసుకుపోతున్నాడు కదే."

మేడమ్ మంచం అంచున కూర్చుండిపోయింది. "నేనా ఉద్దేశంతో చెప్పలేదక్కా."

"నీ ఉద్దేశం ఎవడిక్కావాలి," అంది అక్క. దుప్పటి రెండో అంచు చేతికిచ్చింది. "పట్టుకో."

మర్నాడు ప్రిన్సిపాల్ ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "మొగుడూ పెళ్ళాల మధ్య మనం వెళ్ళి ఏం తేలుస్తాం మేడమ్? ఆవిడ వచ్చి చెప్తే వేరే సంగతి. అతనేమో క్లాసులో ఫస్టు. భార్యకి ఒంట్లో బాగాలేదని నాకు ముందే చెప్పాడు. ఎంత బాధపడ్డాడో," అన్నాడు.

ముందే చెప్పాడన్న మాట మేడమ్‌కి గుచ్చుకుంది.

ఏం చెయ్యాలో తోచక ఆమె కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. ఆపరేటరమ్మ అక్కడేమైనా కనిపిస్తుందేమోనని ఆశ. షాపులో అతనొక్కడే ఉన్నాడు. కళ్ళు పరీక్ష చేయించుకుంటానంటే, సంతోషంగా లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసి లైటు తీసేశాడు. ఎదురుగోడ మీద అక్షరాల పలక ఒక్కటే వెలుగుతోంది. గడ్డం స్టాండు మీద ఆనించి, ఇనప ఫ్రేము ఆమె కళ్ళకి తగిలించాడు.

"ఇది బాగుందా మేడమ్, ఇందాకటిదా?" టిక్కుమని అద్దం మార్చాడు.

"ఇందాకటిదే."

"ఇదా, దీని ముందుదా?"

"ఇది. అక్షరాలు నల్లగా ఉన్నాయి."

"మళ్ళీ చూడండి. ఇదా, అదా?"

"రెండోదే బాగుంది."

చీకట్లో అతని ఊపిరి దగ్గరగా వినిపించింది. "ఇందాకట్నుంచీ ఒకటే అద్దం మేడమ్. తీసి మళ్ళీ అదే పెడుతున్నాను. తేడా మీరే చూశారు." నవ్వాడు. "మీరు చెప్పిన పాఠమే. షాపులో రోజూ చేసేదే గానీ, దాని వెనక శాస్త్రం ఉందని మీ దగ్గరికొచ్చాకే తెలిసింది."

మేడమ్ గడ్డం ఎత్తబోయింది. ఫ్రేము అతని చేతిలో ఉంది.

"కదలకండి. ఆవిడ ఇక రాదు మేడమ్. మతిమరుపు ముదిరింది. ఇంట్లోనే ఉంచుతున్నాను. నేను వస్తాను, నోట్సు రాసుకెళ్ళి నేనే చెప్తాను. మీరేం బెంగపెట్టుకోకండి. మీకూ ఈమధ్య పని ఎక్కువైనట్టుంది. మొన్న క్లాసులో ఒకే ముక్క రెండుసార్లు చెప్పారు. గమనించారా?"

ఆమె గమనించలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ, ఏ ముక్క రెండుసార్లు చెప్పానా అని వెతుక్కుంటూనే ఉంది. వీధి మలుపు తిరిగాక తను చేస్తున్నదేమిటో తెలిసి, అక్కడే గోడ పట్టుకుని ఆగిపోయింది.

అన్నట్టుగానే అతను ఒంటరిగా రావడం మొదలుపెట్టాడు. అదే ముందు బెంచీ. పక్కన భార్య కూర్చునే చోట గొడుగు పెట్టేవాడు. మేడమ్‌కి పాఠం చెప్పడం కత్తులు పంచినట్టుండేది. ఏ వాక్యం చెప్పినా అది అతని చెవిలో పడి, ఆ ఇంటికి వెళ్ళి, ఆ తలుపు వెనక ఏం చేస్తుందోనని భయం. భయం గురించిన పాఠం దాటేసింది. అలవాట్ల గురించి పైపైన చెప్పింది. మిగతావాళ్ళ మొహాల్లో నిరాశ కనిపించింది. చివరికొక రోజు, అప్పుడు వదిలేసిన సగం పాఠం తెరిచింది.

"మన జ్ఞాపకాన్ని మనం ఒక్కళ్ళమే మొయ్యలేం," అంది బోర్డు వైపు తిరగకుండా, అందర్నీ చూస్తూ. "మనతోపాటు చూసినవాళ్ళు కావాలి. మనకి అనుమానం వచ్చినప్పుడు, ఒకరు చెప్పిందే నమ్మకుండా, ఇంకొకర్ని అడగాలి. అడిగే వీలు లేని మనిషి ఉంటే, తెలిసినవాళ్ళే వెళ్ళి చెప్పాలి."

షాపాయన కలం ఆగింది. చెయ్యెత్తాడు. "వెళ్ళినవాళ్ళకే సరిగ్గా గుర్తు లేకపోతే మేడమ్?"

"ఒకరికి లేకపోవచ్చు. క్లాసు మొత్తానికి ఉంటుంది," అంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కండక్టరు మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు. వానాకాలమంతా మోకాలి నొప్పితో ఆయన చాలా క్లాసులకి రాలేదు.

"మేడమ్, ఆపరేటరమ్మ రాయలేదని వాళ్ళూ వీళ్ళూ అంటున్నారు. ఆ నీలం దారం వ్యాసం గురించేనా?"

"మీకెలా తెలుసు?"

"నా చేతికే ఇచ్చింది కదండీ. తెలివైన పిల్ల ఎలా రాసిందా అని మొదటి పేజీ నిలబడి చదివాను కూడా. వాళ్ళమ్మ చీర రంగు గురించి మొదలుపెట్టింది. నేనే మీ బల్ల మీద పెట్టి, డాక్టరు దగ్గరికి టైమవుతోందని వెళ్ళిపోయాను. తర్వాత పేపర్లు సర్దింది అతనే."

అప్పుడు మేడమ్ తనకి తెలిసిందంతా ఆయనకి చెప్పింది.

"రేపు పొద్దున అతను షాపు తెరిచాక వెళ్దాం," అన్నాడు కండక్టరు.

మూడో అంతస్తులో ఇల్లు. బెల్లు కొడితే, గొలుసు తియ్యకుండానే తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ సందులో కనిపించిన మొహాన్ని మేడమ్ ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

"మిమ్మల్ని రమ్మన్నానా మేడమ్?" అని అడిగింది ఆపరేటరమ్మ. "రమ్మని మర్చిపోయానా?"

"లేదమ్మా. మేమే వచ్చాం."

గొలుసు తీసింది. ఇల్లు శుభ్రంగా ఉంది. బీరువా తలుపుకి, పొయ్యి పైన గోడకి, స్నానాలగది గుమ్మానికి చీటీలు అంటించి ఉన్నాయి. షాపాయన గుండ్రటి చేతిరాత. పొయ్యి ముట్టుకోకు. ఒంటరిగా బయటికి వెళ్ళకు. నాకు ఫోన్ చేసి అడుగు. గడియారం లేదు. ఎందుకు లేదని అడిగితే, తను దాన్ని చూసి కంగారు పడుతోందని ఆయన తీసేశారంది.

"నాకు జబ్బు చేసింది," అంది ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని. "వయసు రాకముందే మతిమరుపు వచ్చేసిందట."

"ఏ డాక్టరు చూశారు?"

"డాక్టరెందుకు మేడమ్? అంతా మీ పుస్తకంలోనే ఉందట. ఆయన చదివి వినిపించారు."

మేడమ్ ఏదో అనబోయింది. ఈలోపే కండక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. చాలా మామూలుగా, టికెట్టు ఇస్తూ మాట్లాడినట్టు మాట్లాడాడు.

"అమ్మాయ్, నువ్వు ఆ వ్యాసం రాశావు. నీలం దారంతో కుట్టావు. క్లాసులోకి రాగానే నా చేతికిచ్చావు. నేను మొదటి పేజీ చదివాను. మీ అమ్మగారి చీర రంగు ఏదో నీకు గుర్తుంది గానీ, ఆవిడ ఆఖర్న ఏం మాట్లాడిందో గుర్తు లేదని రాశావు. దాన్ని మేడమ్ గారి బల్ల మీద నేను పెట్టాను. చించింది నువ్వు కాదు."

ఆవిడ కదలకుండా వింది. "ఇంకోసారి చెప్పండి," అంది.

చెప్పాడు.

"ఇంకోసారి."

మళ్ళీ చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా. ఆవిడ పెదాలు ఆయన మాటలతోపాటు కదులుతున్నాయి. "క్లాసులో ఏడవలేదు నువ్వు. ఏ రోజూ ఏడవలేదు," అంది మేడమ్. తను ఎప్పుడూ మీరు అనే మనిషిని నువ్వు అన్నానని ఆమెకి ఆ తర్వాత గాని తట్టలేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

ఆపరేటరమ్మ బిగుసుకుపోయింది. "ఆయన. ఎత్తకపోతే వచ్చేస్తారు." లేచి వెళ్ళి రిసీవరు తీసింది. అవతలి గొంతు ఏమంటోందో వినపడలేదు గానీ, తీరిగ్గా మాట్లాడుతోందని తెలుస్తోంది.

"లేదండీ, ఎవరూ రాలేదు," అంది ఆవిడ. ఆ గొంతు తేటగా, ఏ తొణుకూ లేకుండా, ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్నప్పటిలా ఉంది. "పడుకుని లేచాను. అలాగేనండీ."

ఫోన్ పెట్టేసి వాళ్ళవైపు తిరిగింది. "మీరు వెళ్ళిపోండి. ఇప్పుడు కాదు మేడమ్. నాకు కొంచెం టైము కావాలి. నేను రాశానని నాకు నమ్మకం కుదరాలి." మేడమ్ తన ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు చెప్పింది. రాసుకోవద్దంది.

తర్వాతి రోజులు మేడమ్‌కి నరకంగా గడిచాయి. షాపాయన క్లాసుకి వచ్చేవాడు, ప్రశ్నలు మాత్రం అడగడం మానేశాడు. అరచేతిలో గడ్డం పెట్టుకుని ఆమెనే చూసేవాడు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ, "మా ఇంట్లో ఒక కుర్చీ జరిగి ఉంది మేడమ్," అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్దామంది. అక్క వద్దంది. "వాళ్ళొస్తే గుమ్మంలో నిలబడి ఆవిడే అంతా బాగానే ఉందంటుంది. ఆ తర్వాత అతనెలా ఉంటాడో ఆలోచించావా?"

ఒక మధ్యాహ్నం ఇంటి బెల్లు మోగింది. తలుపు తీసింది అక్కే. ఇంటి చీరలో, చేతిలో చిన్న సంచీ కూడా లేకుండా, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. "మీ చెల్లెలు గారి విద్యార్థినండీ. దారి అడక్కుండా వచ్చాను. కరెక్టుగానే వచ్చాను కదా?" అంది.

"కరెక్టుగానే వచ్చావు. లోపలికి రా," అంది అక్క. ఆవిడ లోపలికి రాగానే తలుపు గడియ పెట్టింది.

అక్క తనకి తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నిద్రలేమి తప్ప వేరే జబ్బేమీ లేదని ఆయన తేల్చాడు. ఆవిడ పిన్ని వేరే ఊరి నుంచి వచ్చి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు ఆపరేటరమ్మ మేడమ్ చేతులు పట్టుకుని, "ఊరి పేరు మీకు చెప్పను మేడమ్. మీకు తెలిస్తే మీ దగ్గర్నుంచి లాగేస్తాడు," అంది. మేడమ్ కాదనలేకపోయింది. కొన్నాళ్ళకి అక్కడి కాలేజీలో చేరిందని, విడాకుల కాగితాలు పంపిందని పిన్ని ద్వారా కబురు తెలిసింది.

షాపాయన గొడవ పెట్టలేదు. కన్నీళ్ళు పెట్టుకోలేదు. ప్రిన్సిపాల్‌తో, "ఆరోగ్యం కోసం వాళ్ళవాళ్ళ దగ్గరికి పంపాను," అన్నాడట. పరీక్షలు రాసి క్లాసులో ఫస్టు వచ్చాడు. అతని జవాబు పత్రం దిద్దింది మేడమే. ఒక్క మార్కు తగ్గించడానికి చోటు దొరకలేదు. పై ఏడాది అతను కౌన్సెలింగ్ కోర్సు తీసుకున్నాడు. బాధల్లో ఉన్నవాళ్ళకి సాయపడే కోర్సు అది. చేర్చుకోకూడదనడానికి ఏ రూలూ లేదు. మేడమ్ ఆ పేపరు చెప్పనని వదిలేసుకుంది. కొత్తగా చేరిన కుర్ర లెక్చరరుకి ఇచ్చారు.

ఆ ఏడు సగం గడిచాక, స్టాఫ్ రూములో ఆ లెక్చరరు ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మీ పాత విద్యార్థి ఒకాయన ఉన్నాడు మేడమ్, కళ్ళజోళ్ళ షాపు. ఎంత శ్రద్ధో. అలాంటివాళ్ళు నలుగురుంటే చాలనిపిస్తుంది. పాపం, ఇంటావిడ వెళ్ళిపోయిందట కదా. మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. మా క్లాసులో చదువుకుంటున్న ఆవిడే. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, చూడముచ్చటగా."

మేడమ్ చేతిలో పుస్తకం మూసింది. లేచి వెళ్ళి స్టాఫ్ రూము తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "మీకొక సంగతి చెప్పాలి. మొదట్నుంచీ చెప్తాను, మధ్యలో ఆపకండి," అంది.

లెక్చరరు ఇబ్బందిగా కదిలాడు. ఆమె వైపు జాలిగా చూశాడు. పెద్దవాళ్ళని నొప్పించకుండా మాట్లాడాలనుకున్నప్పటి గొంతుతో అన్నాడు.

"మీరిలా ఏదో చెప్తారని ఆయన ముందే అన్నాడు మేడమ్. మీ ఆరోగ్యం గురించి పాపం చాలా బాధపడుతున్నాడు. ఈమధ్య మీకు విషయాలు కలగాపులగం అవుతున్నాయట కదా."

అడక్కుండానే మేడమ్ మనసు వెనక్కి వెళ్ళి, ఏ రోజు, ఏ మాట, ఎవరితో తప్పు చెప్పానా అని వెతకడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"అతను చేసుకోబోయే అమ్మాయి క్లాసు ఇప్పుడు ఏ గదిలో జరుగుతోంది?" అని అడిగింది.